పందుల తొట్టిలో దెయ్యం

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో నూకరాజు అని ఒకాయన పందుల్ని మేపుకునేవాడు. పొద్దున గంపెడు తవుడు, మధ్యాహ్నం గంపెడు తవుడు, సాయంత్రం గంపెడు తవుడు. అయినా పందుల పక్కటెముకలు నిచ్చెన మెట్లల్లే కనపడేవి. ఊ కొడుతున్నారా? కొట్టకపోతే నేనూ పడుకుంటా!

గాదె ఖాళీ అయిపోతోంది. ఇంట్లో పిల్లలకి జావే గతి. దిగులు పట్టుకుని నూకరాజు, గవరయ్య అనే భూతవైద్యుణ్ణి పిలుచుకొచ్చాడు. ఆయన ముక్కు ఎగబీల్చి, తొట్టిలో దెయ్యం కూచుని మేతంతా మింగేస్తోంది, దానికి రోజూ కోడికూరా అన్నం పెట్టాలన్నాడు. ఎవరి చేత్తో? ఆయన చేత్తోనేనట! దెయ్యం సంగతేమో గానీ, గవరయ్యకి బొజ్జ వచ్చింది.

చివరికి నూకరాజు విసిగిపోయి మందని అడవిలోకి తోలేస్తానన్నాడు. కోడలు పైడమ్మ అడ్డం పడింది.

“ఒక్క పూట ఆగు మావా! ఆ దెయ్యమేదో నేనూ చూస్తా.”

గోడెక్కి కూచుంది. ఏం చూసిందీ? తవుడు పోయగానే పెద్దపంది తొట్టెక్కి పడుకుంది. పెద్దపంది పడుకుంటే నడిమిపంది నెట్టింది. నడిమిపంది నెడితే తొట్టి ఒరిగింది. తొట్టి ఒరిగితే తవుడు ఒలికింది. ఒలికిన తవుడు సగం బురదపాలు, సగం కాకులపాలు. పాపం, చిన్నపందులు ఖాళీ తొట్టి నాకాయి!

పైడమ్మ తొట్టిని రాళ్ళ మధ్య బిగించింది. ఒక్కో మూతి పట్టేంత సందు వదిలి పైన వెదురుబద్దలు కట్టింది. తవుడు నీళ్ళతో ముద్దగా కలిపింది. చిన్నవాటికి వేరే దొడ్డి వేసింది. ఇంతా చేసి, పోసింది అరగంపే! చంపేస్తావా వాటినని నూకరాజు నెత్తి బాదుకున్నాడు. కానీ కొన్నాళ్ళకి పందులు గుమ్మడికాయల్లే తయారయ్యాయి.

మరి గవరయ్యకి కోడికూర ఆగిపోయిందిగా, ఊరుకుంటాడా? దెయ్యం ఇంకా ఉంది, చూపిస్తా రండని తొట్టి మీది బద్దల సందులో బలవంతాన తల దూర్చాడు. దూరిన తల బయటికి రాదే! అప్పుడే మేతవేళయింది. పందులన్నీ పరిగెత్తుకొచ్చి అటొకటి ఇటొకటి చేరి, ఆయన బుగ్గలకంటిన తవుడు కూడా శుభ్రంగా నాకేశాయి.

“దెయ్యం లేదు తల్లోయ్! కోడికూరంతా నేనే తిన్నా! విడిపించండ్రోయ్!”

పైడమ్మ నవ్వాపుకుంటూ బద్ద కోసి, మొహం కడిగించి, అన్నం పెట్టి పంపింది. పిల్లల కంచాల్లోకీ మళ్ళీ అన్నం వచ్చింది.

ఎంత వడ్డించారో చూసుకుని మురిసిపోకూడదర్రా, కడుపులోకి ఎంత పోయిందో చూసుకోవాలి. ఒరే బుజ్జీ, ఇందాక నీ కంచం చుట్టూ మెతుకులు ఎవరి కోసంరా, చీమల కోసమా?

సరే, కథేమో కంచి దారి పట్టింది. మీరు దుప్పట్లో దూరండి.