చుట్టాన్ని సాగనంపిన కొండరాజు

గోదారి ఇంకా సన్నగా పారే కాలంలో, కొండల మీద పొట్టెయ్య అనే రాజుండేవాడు. కిరీటం లేదు, కోట లేదు. పొద్దున్నే అందరితో పాటు పోడు చేనుకు పోయేవాడు.

ఒకనాడు ఏడు సముద్రాలు దాటి ఒక తెల్ల మాంత్రికుడు వచ్చాడు. ఎండకు సొమ్మసిల్లి ఉన్నాడు. ఎవరని అడక్కుండానే రాజు ఆకు డొప్పలో జీలుగు కల్లు పోసిచ్చాడు. ఆ కొండల్లో డొప్ప అందుకున్నవాడు చుట్టం. చుట్టం మీద చెయ్యెత్తకూడదు.

కల్లు తాగి లేచిన మాంత్రికుడు కర్రతో అడవి చుట్టూ గీత గీశాడు. "లోపలిదంతా నాది" అన్నాడు. గీత దాటి చేనుకు పోయినవాళ్ళ మీద మంత్రం ఊదాడు. వాళ్ళు తమ పేర్లు మరిచిపోయి వాడు వేయించే రోడ్డుకు రాళ్ళు మోశారు.

రాజు పెద్దకొడుకు విల్లు పట్టుకుని పోయాడు. చుట్టమని చెయ్యి ఆడలేదు, రాళ్ళు మోశాడు. నడిపివాడు పోయాడు. చెయ్యి ఆడలేదు, రాళ్ళు మోశాడు.

"నేనూ పోతా నాయనా" అన్నాడు చిన్నవాడు జోగులు.

"నువ్వు విత్తనాలు కాపాడు" అని రాజే బయలుదేరాడు. ముసలి మోకాళ్ళు. ఎక్కడం, కూలబడడం, మళ్ళీ లేవడం.

దారిలో ఎలుగుబంటి ఎదురైంది. "ఏం తాతా, నువ్వు కొండెక్కుతున్నావా, కొండే నీ మీదెక్కిందా?"

"రెండూనే. ఆ మాంత్రికుడి ప్రాణం ఎక్కడుందో చెప్పు."

"కొండ మీద వాడు కట్టుకున్న బంగళా వసారాలో, ఇనుప పంజరంలో, చిలకలో ఉంది. మెడ నులిమెయ్."

"చుట్టం ప్రాణం. నులమకూడదు."

"అయితే నువ్వే చావు!" అంటూనే ఎలుగు వెంట నడిచింది.

వసారాలో మాంత్రికుడు కాళ్ళు చాపుకుని ఉన్నాడు. రాజు పంజరం మీద చెయ్యి వేసినా లేవలేదు, నవ్వాడు. "నీ డొప్ప తాగానురా ముసలోడా! నన్ను చంపలేవు."

"చంపను దొరా. కానీ చుట్టాన్ని పొలిమేర దాటించి రావడం కూడా మా ఆచారమే" అని రాజు పంజరం తలుపు తీశాడు.

ఎలుగు గుర్రుమంది. చిలక బెదిరి, తను పుట్టిన చోటికి, సముద్రాల మీదుగా ఎగిరింది. అది దూరమయ్యే కొద్దీ మాంత్రికుడికి ఊపిరి ఆడలేదు. బూట్లు వదిలేసి దాని వెంట పరుగెత్తాడు.

గీత చెరిగింది. అందరికీ పేర్లు గుర్తొచ్చాయి. పెద్దకొడుకు వంగిన నడుము మాత్రం మళ్ళీ నిటారు కాలేదు.

"మళ్ళీ వస్తే నాయనా?" అన్నాడు నడిపివాడు.

"వస్తే మీరు పంపండి. నాకిక ఓపిక లేదు."

జోగులుకు పక్క కొండ పిల్ల ముత్తితో పెళ్ళి చేసి, ఇక నువ్వే ఏలమని విల్లు వాడి చేతిలో పెట్టి, డోళ్ళు మోగుతుండగానే రాజు నిద్రపోయాడు. మళ్ళీ లేవలేదు. జోగులు, ముత్తి చాలాకాలం చల్లగా ఏలారు.

రాజు పేరున కొండదారిలో ఒక రాయి నిలబెట్టారు. బరువులతో ఎక్కేవాళ్ళు దానికి వీపు ఆనించి, కాస్త ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఎక్కుతారు.