ఆరని కోర్టుకు కాపలా

జోగినాయుడు మాస్టారిని ప్రశ్న అడిగినవాళ్లకి జవాబు దొరకదు, పని దొరుకుతుంది. ముప్పై ఏళ్లుగా కబడ్డీ నేర్పుతున్న మనిషి ఆయన. నేనూ ఆయన శిష్యుణ్ణే. నాకు ఆట ఎందుకు అబ్బడం లేదని ఒకసారి అడిగాను. మాస్టారు నన్ను ఎగాదిగా చూసి నా చేతికి మైకు ఇచ్చారు. ఆ రోజు నుంచి మా ఊళ్లో ఏ పోటీ జరిగినా పాయింట్లు చదివేది నేనే. అది నాకు దక్కిన గౌరవమనుకుని పద్దెనిమిదేళ్లు మురిసిపోయాను. అదే జవాబని ఈమధ్యే తెలిసింది.

ఇప్పుడు మాస్టారి దగ్గర నేర్చుకుంటున్న పైడమ్మ అడిగింది అలాంటి ప్రశ్న కాదు. ఆ పిల్ల కూతకి వెళ్లిందంటే ఎదుటి జట్టు ఏడుగురూ గోడకి అతుక్కున్నట్టు వెనక్కి జరిగేవారు. అటువంటి పిల్లకి ఓ పోటీలో ఎవరో మడమ పట్టుకున్నారు. పైడమ్మ గిర్రున తిరిగింది, మోకాలు తిరగలేదు. లిగమెంటు సగం చిరిగిందన్నాడు డాక్టరు. ఆపరేషను అక్కర్లేదు గానీ పది వారాలు ఆడకూడదు, తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టుకుని నొక్కుతూ ఉండాలి, అంతే. పదమూడో వారంలో జూనియర్ రాష్ట్ర జట్టుకి ఎంపికలు. మరుసటి ఏడాదికి ఆమెకి వయసు దాటిపోతుంది.

ఐదో వారానికి నొప్పి పోయింది. పోగానే మాస్టారి దగ్గరికొచ్చింది.

“నొప్పి లేదు, వాపు లేదు. మెట్లెక్కుతున్నాను. ఇంకా ఊరికే కూకుంటే ఈ కాలు ఏటి చేస్తది మాస్టారూ? ఉన్న ఆట కూడా మర్చిపోద్ది.”

మాస్టారు అప్పుడు పాత కోర్టుని తిరగేయిస్తున్నారు. మూరెడు లోతు తవ్వించి, రాళ్లు ఏరించి, ఎర్రమన్ను, ఇసుక, ఎండుపేడ కలిపించి, నిండా నీళ్లు కట్టించారు. దానికి పదును రావాలి. అంటే, తడి కిందికంటా సమంగా దిగి, మన్ను చేతికి అంటకుండా ముద్ద కట్టాలి. అప్పుడే రోలరు లాగాలి. ముందు లాగితే గుంటలు పడతాయి, ఆలస్యమైతే పెచ్చులు లేస్తాయి. మాస్టారు ఓ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి కోర్టు గట్టున వేశారు. పైడమ్మ చేతికి వెదురు కర్ర ఒకటి ఇచ్చారు.

“నాలుగు రోజులు ఇక్కడ కూకో. ఎవర్నీ కాలు పెట్టనీకు.”

“నన్ను కోళ్లు తోలమంటన్నారా?”

“మేకలు కూడా వస్తాయి,” అని వెళ్లిపోయారు.

మొదటి రోజు పైడమ్మ ఆ కర్రతో కోళ్లని, మాస్టారిని సమానంగా తిట్టింది. కుర్చీలోనే కాలు చాపి, చుట్టిన తువ్వాలు మోకాలి కింద పెట్టుకుని నొక్కేది, మొహం గంటు పెట్టుకుని. సాయంత్రం మాస్టారు వచ్చి కోర్టు మీద తడి గోనెలు పరిపించి, పైన నీళ్లు చిలకరించి పోయారు. రెండో రోజు గోనెలు తీశాక ఎండకి పైపొర గట్టిపడింది. పాలేశ్వర్రావు సైకిలు మీద పాలక్యాన్లు వేలాడేసుకుని వచ్చి, ఆరిపోయింది కదమ్మా అడ్డంగా పోతాను అన్నాడు. పైడమ్మ కర్ర అడ్డం పెట్టింది. “పైన ఆరితే లోపల ఆరినట్టా? చుట్టూ తిరిగెళ్లు.” ఆ మాట అని వెంటనే నాలిక కరుచుకుందని పాలేశ్వర్రావు ఊరంతా చెప్పాడు. సరిగ్గా ఆ మాటే వారం కిందట డాక్టరు ఆమెతో అన్నాడట, దానికి ఆమె తలుపు ధడాలున వేసి వచ్చిందట.

మూడో రోజు నేను వచ్చాను.

కొత్త కోర్టు తెరిచే నాటికి మైకు తయారుగా ఉండాలని నా తాపత్రయం. అవతలి గట్టున కొయ్య పాతాలి. చుట్టూ తిరిగి వెళితే పాతిక అంగలు, అడ్డంగా పది. కోర్టు ఎర్రగా, గట్టిగా, పెళ్లి అరుగులా మెరుస్తోంది. నా ఒంటి బరువు సంగతి నాకు తెలిసినా, ఆ క్షణాన గుర్తు రాలేదు.

“బాబాయ్, వద్దు!” అంది పైడమ్మ.

“ఒక్క అడుగేనే,” అన్నాను, వేశాను.

కాలు పిక్క దాకా దిగిపోయింది. పైన అప్పడం, కింద పాయసం. రెండో కాలు గట్టున ఉండిపోయింది గనక నేను కూతకి వెళ్లి గీత తాకినవాడిలా సాగిపోయాను. నా జీవితంలో కబడ్డీ భంగిమ సరిగ్గా కుదిరింది ఆ ఒక్కసారే. పైడమ్మ ముందు కంగారు పడింది, తర్వాత నవ్వింది, తర్వాత నవ్వలేక కుర్చీ చేతులు పట్టుకుంది. లేవకుండానే కర్ర అందించింది. నా బరువుకి కర్ర ఆమె చేతిలోంచి జారి నా దగ్గరికే వచ్చేసింది.

అంతలో ఆటో ఒకటి వచ్చి ఆగింది. దిగినవాళ్లు పక్కూరు మెట్టవలస జట్టు ఆడపిల్లలు. నలుగురూ కలిసి, “హైసా” అంటూ నన్ను లాగారు. నేను వచ్చాను గానీ చెప్పు రాలేదు. వాళ్ల కెప్టెన్ నూకాలు చేతులు దులుపుకుని పైడమ్మ వైపు తిరిగింది.

“పద అప్పా, బండెక్కు. అయిదింటికి ఫైనలు. ఒక్క కూతే అన్నాం కదా, ఒక్కటే. నువ్వొస్తన్నావని తెలిస్తేనే వాళ్లు సగం చస్తారు.”

అప్పుడు చూశాను. పైడమ్మ కుర్చీ కింద సంచీ ఉంది. సంచీలో బూట్లు, మోకాలి పట్టీ ఉన్నాయి. మూడు రోజులుగా ఆ పిల్ల కోర్టుకి కాపలా కాస్తూ కోర్టు దాటిపోయే ఏర్పాటు చేసుకుందన్నమాట. నాకు తెలిసిందంటే మాస్టారికి అప్పటికే తెలిసి ఉంటుంది.

ఆయన గట్టు మీద నడుచుకుంటూ వచ్చారు. ఆటో వైపు చూడలేదు. నా గుంత దగ్గర గొంతుక్కూర్చుని, అంచులు వేలితో నొక్కి చూశారు.

“ఒక్క అడుగే మాస్టారూ,” అన్నాను నేను, ఒంటి చెప్పుతో నిలబడి.

“ఊఁ.” చుట్టూ చాప వెడల్పున కర్రతో గీత గీశారు. “ఇంతమేర తవ్వాలి. కొత్త మన్ను వెయ్యాలి. మళ్లీ నీళ్లు, మళ్లీ మొదటి రోజు.”

“మరి మిగతా కోర్టు?”

“దీని కోసం కూకుంటది.”

గుంతలోంచి నా చెప్పు పీకి నాకిచ్చి, చేతులు కడుక్కోడానికి వెళ్లిపోయారు. పైడమ్మ ఆ గీతకేసి చూసింది. తర్వాత తన మోకాలికేసి చూసింది. ఆటో డ్రైవరు హారను కొట్టాడు.

“ఒలే, వస్తన్నావా లేదా?” అంది నూకాలు.

“రానే.”

“నొప్పి లేదన్నావు కదా!”

“పైన లేదు.” పైడమ్మ సంచీ తీసి నూకాలు చేతిలో పెట్టింది. “ఈ బూట్లు నీ దగ్గరుంచు. పదో వారం దాటాక అడుగుతాను. ముందడిగితే ఇవ్వకు, ఏడ్చినా ఇవ్వకు.”

నూకాలు గొణిగింది, మొహం ముడుచుకుంది. చివరికి పైడమ్మ నెత్తిన ఓ మొట్టికాయ వేసి బండెక్కింది. ఆ ఫైనల్లో మెట్టవలస ఓడిపోయింది. ఆ ఓటమికి కారణం నా కాలేనని వాళ్లు ఇప్పటికీ అంటారు. ఆటలో నా కాలికి ఇంత ప్రాముఖ్యం దక్కడం ఇదే మొదలు గనక నేను కాదనను.

ఆరో రోజు పిల్లలంతా రోలరు తోసుకొచ్చారు. మాస్టారు పైడమ్మని అడిగారు, లాగమంటావా అని. ఆమె నా గుంత ఉన్నచోట వేలు గుచ్చి, మన్ను తీసి నలిపి చూసింది. వేలికి కాస్త అంటింది. “రేపు,” అంది. పిల్లలు ఉసూరుమన్నారు. మాస్టారు తువ్వాలు భుజాన వేసుకుని, “రేపేనట,” అని వాళ్లతో చెప్పి వెళ్లిపోయారు.

పదో వారం నిండాక నూకాలు బూట్లు తెచ్చిచ్చింది. మొదట నడక, తర్వాత పరుగు, తర్వాత మలుపులు. పన్నెండో వారం కొత్త కోర్టు మీద పైడమ్మ కూతకి వెళ్లింది. నేను మైకు ముందున్నాను. ఆమె దెబ్బ తిన్న ఎడంకాలి మీదే బరువు వేసి గిర్రున తిరిగింది. ఈసారి మోకాలు కూడా తిరిగింది. ముగ్గుర్ని తాకి గీత మీద పడింది. మూడు పాయింట్లని చదవాల్సింది పోయి నేను మైకులో “అమ్మయ్య!” అని అరిచాను. బల్ల దగ్గర పాయింట్లు వేసేవాడు దాన్ని ఎన్ని పాయింట్ల కింద రాయాలో తెలియక నావైపు చూశాడు. మరుసటి వారం ఎంపికల్లో జాబితా చదివితే ఆమె పేరు రెండోది.

ఆ సాయంత్రం గట్టు మీద కూర్చుని ముగ్గురం టీ తాగుతున్నాం. కోర్టు నున్నగా, ఎర్రగా, ఎక్కడా చిన్న మచ్చ లేకుండా ఉంది. నా గుంత ఎక్కడుండేదో నాకే తెలియలేదు. నా బుర్రకి ఏదైనా ఆలస్యంగానే పదునొస్తుంది గనక అడిగేశాను.

“మాస్టారూ, అసలు ఆ ఏడు రోజులూ నేల ఊరికే పడుకుని ఏం చేసినట్టండీ?”

మాస్టారు గ్లాసు అడుగున ఉన్న టీ పారబోసి, పైడమ్మ వైపు గడ్డం ఎత్తి చూపించారు.

“నన్నడుగుతావేటి? కాపలా కూకున్నది నానా?”