పగడమ్మకు దొరబాబు చేసిన వైద్యం

విశాఖపట్నంలో సుభాషిణి గారింటి ముందుగదిలో ఒక చిన్న గాజు తొట్టి ఉంది. అందులో ఉప్పునీళ్లు, కాస్త ఇసుక, రెండు రాళ్లు, మూలన నీళ్లను కదిలించే చిన్న మోటారు. అందులో ఉండేవాళ్లకి సముద్రమంటే అంతే. ఆ కాస్త నీటికీ తనే దిక్కని నమ్మిన చేప ఒకటి అక్కడ ఉండేది. పేరు దొరబాబు. నారింజ రంగు ఒళ్లు, దాని మీద తెల్ల పట్టీలు. అద్దంలో తన నీడ కనిపిస్తే ఆగి, ఒకసారి తృప్తిగా చూసుకుని గానీ ముందుకు కదిలేవాడు కాదు.

పెద్ద రాయి మీద పగడమ్మ ఉండేది. రాయిలాంటి గట్టి పగడం కాదు, తోలులా మెత్తని పగడం. పుట్టగొడుగు లాంటి ఒళ్లు, దాని నిండా సన్నని పూలలాంటి నోళ్లు. పైన దీపం వెలగగానే అవన్నీ విచ్చుకుని నీటి వాలుకి ఊగేవి. దొరబాబు తొట్టిలోకి వచ్చీ రాగానే ఆ పూల మధ్య పక్క వేసేశాడు. ఆమెను అడగలేదు. అడగాలన్న ఆలోచన కూడా రాలేదు, తను ఆమెకు కాపలా కాస్తున్నాననే అతని ఉద్దేశం.

ఒకరోజు పగడమ్మ పూలన్నీ ముడుచుకుంది. ఒళ్లంతా మైనం పూసినట్టు పాలిపోయింది. దొరబాబుకి కాళ్లూ చేతులూ ఆడలేదు, ఉంటే. ఆమె మాత్రం నెమ్మదిగానే చెప్పింది. ఇది జబ్బు కాదట. పాత పైపొర వదిలించుకుంటోందట. అప్పుడప్పుడూ తనకిది మామూలేనట.

"నాయనా, నాకు కావలసింది వెలుగు, కదిలే నీళ్లు. ఆ నీటి వాలుకి పొర దానంతటదే ఊడిపోతుంది. నువ్వు కాస్త ఎడంగా ఉంటే చాలు," అంది.

పాపం, జ్వరంలో ఏదేదో మాట్లాడుతోందని దొరబాబు బెంగపెట్టుకున్నాడు.

రాళ్ల మీద నాచు గీరుకు తినే నత్త పైడమ్మ కూడా అదే మాట చెప్పింది. ఇదివరకు రెండుసార్లు తను చూసిందనీ, ప్రతిసారీ పగడమ్మ అంతకు ముందుకంటే నిగనిగలాడుతూ లేచిందనీ చెప్పబోయింది. నాచు మేసేవాళ్లతో వైద్యం గురించి చర్చేమిటని దొరబాబు మొహం తిప్పుకున్నాడు.

అతనికి నచ్చేలా మాట్లాడినవాడు సన్యాసిరావు అనే పీత. పేరుకే సన్యాసి. పీతే గానీ వీడి జాతికి నడుము కింద అంతా మెత్తన. అందుకని ఎవరో ఖాళీ చేసిన శంఖంలో దూరి, దాన్నే ఇల్లుగా మోసుకు తిరుగుతారు. ఈమధ్య ఒళ్లు పెరిగి సన్యాసిరావు శంఖం బిగుతైంది. తొట్టిలో ఇంకో ఖాళీ శంఖం లేదు. గుండ్రంగా, నున్నగా, సరిగ్గా తన కొలతకు సరిపోయేది ఒకటుంది గానీ అది పైడమ్మ వీపు మీద ఉంది. పైడమ్మ బతికుండటం ఒక్కటే దానికి అడ్డు.

"బాబూ, తమరు కాబట్టి కనిపెట్టారు," అన్నాడు సన్యాసిరావు మీసాలు వంచి. "పగడమ్మది ఆకలి. ఆ నత్త పొద్దస్తమానం రాయంతా నాకేస్తుంటే ఆమెకి మిగిలేదేముంది?"

తొట్టిలో తనలాంటి తెలివైనవాడు ఇంకొకడు ఉన్నాడని దొరబాబుకి అప్పుడే తెలిసింది.

వైద్యం మొదలైంది. ముందుగా పైడమ్మను ముక్కుతో పొడిచి పొడిచి రాయి మీంచి కిందికి దొర్లించాడు. ఆమె ఇసుకలో వెల్లకిలా పడింది. ఎంత సాగినా రాయి అందలేదు, శంఖం బరువుకి తిరగబడలేకపోయింది. తర్వాత సుభాషిణి గారు వేసే మేతను నోట కరుచుకొచ్చి పగడమ్మ ముడుచుకున్న నోళ్ల మీద కుక్కడం మొదలుపెట్టాడు. ఆమె ముట్టలేదు. జారి పడినదాంట్లో సన్యాసిరావు కడుపునిండా తిన్నాడు, మిగిలింది రాళ్ల సందుల్లో కుళ్లింది. మోటారు నుంచి వచ్చే నీటి వాలు తగిలితే ఆమెకు పడిశం పడుతుందని దొరబాబు తనే అడ్డంగా నిలబడ్డాడు. అలిసిపోయినప్పుడు ఆమె ఒంటి మీదే రుద్దుకుంటూ పడుకున్నాడు, ధైర్యంగా ఉంటుందని.

ఊడాల్సిన పొర ఊడలేదు. గీకేవాళ్లు లేక నాచు పగడమ్మ మొదలు దాకా పాకింది. పక్క రాయి మీది బొత్తాల్లాంటి చిన్న పగడాలు కూడా నోళ్లు మూసుకున్నాయి. జబ్బు వాటికీ అంటిందని దొరబాబు మేత రెట్టింపు చేశాడు.

"నువ్వు చేస్తున్నదేదీ నేను అడగలేదు నాయనా," అంది పగడమ్మ పీలగొంతుతో.

"నువ్వు అడగాలా అమ్మా, నాకు తెలీదూ," అన్నాడు దొరబాబు.

కానీ లోపల అతనికీ దిగులు పట్టుకుంది. ఇంత చేస్తున్నా ఆమె ఎందుకు విచ్చుకోవడం లేదని సన్యాసిరావుని అడిగాడు. పీత తడుముకోలేదు. ఇసుకలో ఒక పురుగు తిరుగుతోందనీ, ఒంటి మీద గుడ్డ కూడా లేని గులాబీరంగు పురుగనీ, తోక మెలితిరిగి ఉంటుందనీ, అదే పగడమ్మ మొదలు కొరికేస్తోందనీ చెప్పాడు. కనిపిస్తే నోరు తెరవనివ్వకూడదన్నాడు. తెరవనిస్తే ఏదో ఒక కథ చెప్పి తప్పించుకుంటుందట.

రాయి కింద వెల్లకిలా పడి ఉన్న పైడమ్మ చెవిన ఆ మాటలన్నీ పడ్డాయి.

దొరబాబు పురుగు వేటలో మునిగిపోయాడు కదా అని సన్యాసిరావు తీరిగ్గా పైడమ్మ దగ్గరికి చేరాడు.

"అక్కా, ఎలాగూ లేవలేవు. ఆ శంఖం నాకిచ్చేస్తే నీకూ బరువు తగ్గుతుంది," అన్నాడు.

పైడమ్మకు వీడి ఎత్తు తెలిసిపోయింది. శంఖం నోటికి ఉన్న రేకులాంటి తలుపు కాస్త తెరిచినా వీడు తనను పీకి పారేస్తాడు. ఎంతోసేపు మూసుకుని ఉండనూ లేదు. అందుకని, ఇవ్వడానికి తనకేం అభ్యంతరం లేదంది. తీరా తను పోయాక అది అతనికి చాలకపోతే ఇద్దరికీ నష్టమే కదా అంది.

"నువ్వు ఆ ఇరుకులోంచి బయటికొచ్చి నా పక్కన పడుకుని కొలత చూసుకో తమ్ముడూ. సరిపోతే తలుపు తీస్తాను."

సన్యాసిరావు అటూ ఇటూ చూశాడు. కొత్తిల్లు కళ్లముందుంది, పాతిల్లు నడుం విరగ్గొడుతోంది. శంఖంలోంచి మెల్లగా జారి, గులాబీరంగు ఒళ్లు మెలితిప్పుకుని ఇసుక మీద పడుకున్నాడు.

"దొరబాబు గారూ, మీ పురుగు ఇక్కడుంది," అంది పైడమ్మ.

దొరబాబు రాయిలా వచ్చి పడ్డాడు. "బాబూ, నేను" అని సన్యాసిరావు మొదలుపెట్టాడు గానీ, నోరు తెరవనివ్వకూడదని చెప్పింది తనే. వెనక భాగం మీద రెండు గాట్లు పడ్డాయి. పాత శంఖం వైపు పరిగెత్తితే దొరబాబు అడ్డం వచ్చాడు. చివరికి మోటారు నుంచి ఎప్పుడో ఊడిపడిన ప్లాస్టిక్ మూతలో దూరి, అది కప్పీ కప్పకుండా ఉంటే రాళ్ల సందులో వణుకుతూ నక్కాడు.

ఆ సాయంత్రం సుభాషిణి గారు తొట్టి కడగడానికి వచ్చారు. మొదట్లో పగడం ముడుచుకోవడం చూసి, పొర వదులుతోందిలే అని ఊరుకున్నావిడ, ఇప్పుడు నాచూ కుళ్లిన మేతా చూసి నొసలు చిట్లించారు. పైడమ్మను ఎత్తి రాయి మీద నిలబెట్టారు. గొట్టంతో కుళ్లు లాగేసి, తగ్గిన నీటికి సరిపడా కొత్త ఉప్పునీళ్లు కలిపి పోశారు. మోటారు మూతి పగడమ్మ వైపు తిప్పారు. తిప్పగానే దొరబాబు పరుగున వచ్చి ఆ వాలుకి అడ్డంగా నిలబడ్డాడు. ఆవిడకి సంగతి అర్థమైంది. వలతో పట్టి, అద్దానికి లోపల వేలాడే చిల్లుల డబ్బాలో పడేశారు.

నీటి వాలు సూటిగా తగిలేసరికి పగడమ్మ పైపొర తడిగుడ్డలా లేచి కొట్టుకుపోయింది. కింద ఒళ్లు కొత్తగా మెరిసింది. మర్నాడు దీపం వెలిగాక ఒక్కో పువ్వూ విచ్చుకుంది.

డబ్బాలోంచి అదంతా చూసి దొరబాబుకి కళ్లు చెమర్చాయి. పురుగుని తరిమింది తనే, మేత పెట్టింది తనే, సేవ చేసి అలిసిపోయానని తనకి విడిగా గది కూడా ఇచ్చారని, అటుగా పాకుతున్న పైడమ్మకి వివరంగా చెప్పాడు. పైడమ్మ నాచు తింటూ విన్నది.

"ఇప్పుడెలా ఉందమ్మా?" అని కేక వేశాడు పగడమ్మకి.

"నువ్వు అక్కడున్నంత కాలం నాకేం ఢోకా లేదు నాయనా," అంది ఆమె.

దొరబాబు దాన్ని దీవెన అనుకుని తలవంచి అందుకున్నాడు.

నీతి: అవతలివాళ్లు చెప్పేది చెవిన పెట్టకుండా చేసేది సేవ కాదు, పెత్తనం.