దళవాయిగారి ఈత

రాజుగారు ఊరందరికీ కట్టించిన ఈతకొలనుకు కాపలా పైడితల్లి. పోయిన నెల ఆ నీళ్లు మింగిన పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. ఇంకొక్కరు పడకేసినా కొలను పూడ్పించేస్తామన్నారు పెద్దలు. అందుకే గట్టు మీది తొట్టి దగ్గర ఒళ్లు రుద్దుకోనిదే పైడితల్లి ఎవర్నీ దిగనివ్వదు.

గుర్రం దిగి, చెమటలు కక్కుతూ, రాజుగారి సేనలు నడిపే దళవాయి భైరవప్ప వచ్చాడు.

"నాకు మురికేమిటే? తప్పుకో!" అంటూ దబ్బున దూకేశాడు.

పైడితల్లి తలుపులు బార్లా తీసింది. "దళవాయిగారు కట్టుబాటు ఎత్తేశారు! కడుక్కోనక్కర్లేదు, దూకండర్రా!"

గేదెలు తోమేవాళ్లు, గానుగవాళ్లు, మూడ్రోజులుగా చెంబు వదలని సోమన్న, అందరూ పంచెలెగ్గట్టి పరుగున వచ్చారు. సోమన్న చేతిలో చెంబు అలాగే ఉంది.

"ఆగండ్రా! కడుక్కు రండ్రా!" దళవాయి కెవ్వుమన్నాడు.

"తమరు కడుక్కోలేదు కదయ్యా?" అంది పైడితల్లి.

దళవాయి ఒక్క గెంతులో గట్టెక్కి తొట్టి దగ్గర కూలబడ్డాడు. "ఇదిగో, రుద్దుకుంటున్నా! ముందు ఆ సోమన్నను ఇంటికి పంపు తల్లీ!"