బోర్డు పోయిందన్న మాట

"ఎవరికీ తెలియని తప్పు తప్పవుతుందా, మాస్టారూ?" అని సుదర్శనం అడిగాడు.

వేదాంతం మీద అతనికి అంతకుముందెన్నడూ మోజు లేదు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడగడంలోనే సగం సంగతి బయటపడింది. భావనారాయణ మాస్టారు చేతిలో పని ఆపలేదు.

"నాంచారమ్మ గారు లాప్‌టాప్ కోసం ఎన్నింటికి వస్తానన్నారు?" అని మాత్రం అడిగారు.

"పదకొండింటికండి."

"రానీ."

బాపట్లలో మాస్టారి రిపేరు కొట్టు ఒకప్పుడు రేడియోలకు పేరు, ఇప్పుడు లాప్‌టాప్‌లకు. అక్కడ నేర్చుకునేవాళ్ళు ఒక పద్ధతి తప్పడానికి వీల్లేదు. విప్పి తీసిన పాత సామాను ఎంత పనికిరానిదైనా పారేయకూడదు. కాగితంలో చుట్టి, పైన పేరు రాసి, సొంతదారు చేతికివ్వాలి. సుదర్శనానికి ఇది వట్టి చాదస్తం. అయిదేళ్ళుగా నేర్చుకుంటున్నాడు, ఈ మధ్యే జనం మాస్టారిని కాక అతన్నే పేరు పెట్టి అడగడం మొదలుపెట్టారు. ఆ అడగడమే కొంప ముంచింది.

నాంచారమ్మ ఇంట్లో కూర్చుని కోర్టు అర్జీలు టైపు చేసి బతికే మనిషి. ఆవిడ లాప్‌టాప్‌ది పన్నెండేళ్ళ వయసు. అర్జీ ఒకటి తెరుచుకునేలోగా కాఫీ కాచుకుని తాగి, గ్లాసు కడుక్కుని రావచ్చు. అందుకని ప్రాసెసరూ మెమరీ కొత్తవి వేయించుకుందామని తెచ్చింది. ఆ పాత మోడల్లో ప్రాసెసర్ ఊడదీసి మార్చుకునే రకం. సాకెట్ పక్కనున్న స్క్రూ కాస్త తిప్పితే పట్టు వదులుతుంది, అప్పుడు కొత్తదాన్ని పైన పెడితే తన బరువుకే దిగుతుంది. మాస్టారు మొదటి రోజు చెప్పే పాఠమే ఇది. మెమరీ బాగానే బిగించాడు సుదర్శనం. ప్రాసెసర్ దగ్గరకొచ్చేసరికి, చుట్టూ నలుగురు చూస్తున్నారు గదా అని కబుర్లు చెబుతూ, పాతది తీశాక బిగించిన స్క్రూని మళ్ళీ వదులు చేయడం మరిచాడు. దిగడం లేదని బొటనవేలితో నొక్కాడు. దాని కిందున్న వెంట్రుకల్లాంటి పిన్నులు రెండు వంగిపోయాయి, లాప్‌టాప్ లేవలేదు. వంగిన కొత్తదాన్ని గబగబా కాగితంలో చుట్టేసి ఆవిడకు ఫోన్ చేశాడు.

"మీ బోర్డు మరీ పాతదండీ. కొత్త ప్రాసెసర్ పెట్టేసరికి పోయింది. ఇక లాభం లేదు."

ఇదంతా మూడు రోజుల కిందటి సంగతి.

పదకొండు కొట్టకముందే నాంచారమ్మ వచ్చింది. చేతిలో దొడ్లో కాసిన జామకాయల సంచీ ఉంది. దాన్ని సుదర్శనం ముందు పెట్టింది.

"నీకు శ్రమిచ్చాను బాబూ. పాతదాన్ని పట్టుకుని వేలాడొద్దని మా అక్క చెబుతూనే ఉంది, విన్నాను కాదు. నా మొండితనం వల్ల నీ పనితనానికి మచ్చొచ్చింది. ఏమనుకోకు."

చెంప పగలగొట్టినా అతనికంత మండేది కాదు. తేలు కుట్టిన దొంగలా సంచీ వంక చూస్తూ నిలబడ్డాడు.

మాస్టారు ఆవిడకు కుర్చీ చూపించి, అతని వైపు తిరిగారు. "ఆవిడ పాత ప్రాసెసర్ పొట్లం విప్పు. ఆవిడ ఎదురుగానే పెట్టు."

మాస్టారికి తెలుసునని అప్పుడర్థమైంది సుదర్శనానికి. పెడితే లాప్‌టాప్ లేస్తుంది, తన అబద్ధం కూలుతుంది. స్క్రూ తిప్పకుండా ఇంకోసారి నొక్కితే ఇదీ వంగుతుంది, బోర్డు పోయిందన్న మాట నిలబడుతుంది, అయిదేళ్ళ పేరూ నిలబడుతుంది. ఆ ఆలోచన తనకే వచ్చినందుకు సిగ్గుతో చచ్చిపోయాడు. స్క్రూ తిప్పాడు. పాత ప్రాసెసర్ ఏ బలవంతమూ లేకుండా దిగి కూర్చుంది.

ఫ్యాను రొదపెట్టింది. కాసేపటికి తెర వెలిగింది, అర్జీలన్నీ వరసగా కనిపించాయి. నాంచారమ్మ ముఖం విప్పారి, అంతలోనే మారిపోయింది.

"బోర్డు పోయిందన్నావు గదా బాబూ?"

"పోలేదమ్మా. స్క్రూ వదులు చేయకుండా నేనే నొక్కాను, కొత్తదాని పిన్నులు వంగాయి. నా తప్పు బయటపడుతుందని మీ బోర్డు మీదికి తోశాను."

ఆవిడ కోప్పడితే బాగుండునని అతను ఎదురుచూశాడు. ఆవిడ లాప్‌టాప్ మూత మెల్లగా వేసింది.

"మూడు రోజులుగా నన్ను నేనే తిట్టుకుంటున్నాను" అంది.

లాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. జామకాయలు అక్కడే వదిలేసింది.

మాస్టారు వంగిన ప్రాసెసర్‌ని, ఒక సన్నటి సూదిని సుదర్శనం ముందుకు జరిపారు. పిన్నులు సరిచేయడానికి అతను తల వంచాడు గాని, కళ్ళ నిండా నీళ్ళు, ఏదీ ఆనడం లేదు. మాస్టారు సంచీలోంచి ఒక జామకాయ తీసి అతని పక్కన పెట్టారు.

"నీ తప్పు ఎవరికీ తెలియని ఆ మూడు రోజులూ అది ఎవరింట్లో ఉంది, సుదర్శనం?" అన్నారు.