ఏడు తరాల ఉయ్యాల పరుపు

అనగనగా కొలనుమెట్ట అని ఒక రాజ్యం. దానికి విభూషణుడని ఒక రాజు. ఆ రాజుకొక కొడుకున్నాడర్రా, పేరేదో పొడుగ్గా పెట్టారు గానీ కాలు ఒక్కచోట నిలవదని ఊరంతా చంచలుడనే పిలిచేది. కొలువులో కూర్చోబెడితే స్తంభాల చుట్టూ తిరిగేవాడు. అన్నం మధ్యలో లేచి, గోడమీద పురుగు ఏం చేస్తోందో చూసొచ్చేవాడు. పసివాడప్పుడు ఉయ్యాలలో వేస్తే గుక్కపెట్టి ఏడ్చి, అమ్మ ఒళ్లోకొచ్చాకే ఊరుకునేవాడట. వీడు సింహాసనం మీద ఎలా కూర్చుంటాడా అని రాజుకు ఒకటే దిగులు.

ఆ వంశంలో ఒక ఆచారం ఉంది. రాజైన ప్రతివాడూ పట్టాభిషేకం నాటి పట్టువస్త్రాన్ని ఉయ్యాల పరుపులో ఒక పొరగా కుట్టించాలి. అలా ఏడు తరాల పొరలు పేరుకున్నాయి. ఆ పరుపును ఉతకరు, ఎండన వెయ్యరు. ఉతికితే తాతల తేజస్సు కారిపోతుందని భయం.

చంచలుడి తర్వాత పుట్టిన తమ్ముళ్లిద్దరూ ఒళ్లంతా తెల్లటి బూజు పట్టి పసితనంలోనే కన్నుమూశారు. ఇప్పుడొక చెల్లెలు పుట్టింది. నెలైనా నిండకుండానే దాని చిట్టి మెడమీద తెల్లమచ్చ కనిపించింది.

"ఇది ఏడు సముద్రాల అవతలున్న బూజుమాంత్రికుడి పని. వాడి ప్రాణం ఎక్కడ దాచాడో కనిపెట్టి తుంచాలి. పున్నమి దాటితే పాప దక్కదు" అన్నాడు మంత్రి.

ఆ మాట పూర్తి కాకముందే చంచలుడు రేవులో ఉన్నాడు. ముత్యాలి అనే బెస్తపిల్ల పడవ దొరికింది. ఎక్కిన దగ్గర్నుంచీ ఈ కొసకూ ఆ కొసకూ తిరుగుతూనే ఉన్నాడు.

"అటూ ఇటూ తిరగమాకండి దొరా, మునిగిపోతాం" అంది ముత్యాలి.

"నిలవలేకపోతున్నాను ముత్యాలీ."

"అయితే తెడ్డు పట్టుకోండి. తిరిగే ఒళ్లు పనికొస్తది."

రెండు సముద్రాలు దాటి ఒక దీవిలో దిగారు. అక్కడ రాతికింద, తోకకు పటకారున్న ఒక పురుగుతల్లి గుడ్లు పెట్టుకునుంది. ఒక్కో గుడ్డునూ తిప్పుతోంది, నాకుతోంది, మళ్లీ మొదటికొస్తోంది.

"కాసేపు కూర్చోరాదా తల్లీ?" అన్నాడు చంచలుడు.

"కూర్చుంటే బూజు పడుతుంది నాయనా. కాలు నిలవని తల్లిని గనకే నా పిల్లలు బతుకుతున్నారు."

కుదురులేనందుకు తిట్లు తినని ప్రాణిని చంచలుడు చూడడం అదే మొదలు. కళ్లు తుడుచుకుని పడవెక్కాడు.

ఇంకో రెండు సముద్రాలు దాటితే ఇంకో దీవి. అక్కడ తేనెటీగలు చెట్టు జిగురు తెచ్చి తేనెపట్టు లోపలంతా పూస్తున్నాయి. "తేనె దాచే ఇంటికి జిగురెందుకు?" అన్నాడు. "రోగం పిల్లల దాకా రాకుండా. ఉండు, నీకూ కాస్త ఇస్తాం" అని ఒక ముద్ద చేతిలో పెట్టాయి.

మరో రెండు సముద్రాలు దాటితే మూడో దీవి. అక్కడ చీమలు చచ్చిపోయిన ఒక ముసలిచీమను మోసుకుంటూ పుట్టకు దూరంగా పోతున్నాయి.

"ఎవరమ్మా ఆవిడ?"

"మా పెద్దమ్మ. మమ్మల్నందరినీ ఎత్తి పెంచింది."

"మరి అంత దూరం పారేస్తారేం?"

"ప్రేమ లేక కాదయ్యా. ఎంత ప్రేముంటే మాత్రం, పోయినవాళ్లను పిల్లల గదిలో ఉంచుకుంటామా?"

ఆ మాట చంచలుడి చెవిలో గింగురుమంటూనే ఉంది. ఏడో సముద్రం దాటేదాకా తెడ్డు వదల్లేదు.

మాంత్రికుడి దీవినిండా చిలకలే. మాంత్రికుడు అరుగుమీద కూర్చుని జపమాల తిప్పుకుంటున్నాడు.

"రా నాయనా, నీకు ఏ చిలక కావాలి? వచ్చిన రాకుమారుడల్లా వీటి వెంటే పడతాడు" అని నవ్వాడు.

చంచలుడు వాడి చుట్టూ తిరుగుతూ, "చిలకలన్నిటినీ పట్టుకుంటాను" అన్నాడు. వాడికి చీమ కుట్టినట్టయినా లేదు. "సముద్రమంతా గాలిస్తాను." జపమాల తిరుగుతూనే ఉంది. "పోనీ, ఇంటికెళ్లి చెల్లాయి ఉయ్యాల పరుపు విప్పి ఎండేస్తాను."

జపమాల ఆగిపోయింది.

చంచలుడు పరుగందుకున్నాడు. ముత్యాలి అప్పటికే పడవ తిప్పి ఉంచింది. వెనకాల మాంత్రికుడు తెల్లటి బూజుమబ్బై తరుముకొచ్చాడు. ఇద్దరూ చేతులు బొబ్బలెక్కేలా తెడ్లు వేసి, పున్నమినాటి మధ్యాహ్నానికి కొలనుమెట్ట చేరారు.

పాప ఏడవడం కూడా మానేసింది. చంచలుడు దాన్ని ముత్యాలి చేతుల్లో పెట్టి పరుపు లాగాడు. రాజు అడ్డంగా నిలబడ్డాడు.

"అది మన తాతలురా."

"తాతలంటే నాకూ ప్రేమే నాన్నా. కానీ పిల్లల గదిలో ఉంచుకోకూడదు."

రాజు పాప మెడవంక చూశాడు. పోయిన కొడుకులిద్దరూ గుర్తొచ్చారు. పక్కకు జరిగాడు.

వాకిట్లో ఎండలో పరుపు చీల్చితే లోపల గుమ్మడికాయంత బూజుముద్ద, ఊపిరి పీలుస్తూ ఉంది. చంచలుడు దాన్ని మంటలో వేశాడు. గడపదాకా వచ్చిన మబ్బు కెవ్వుమని, గుప్పెడు బూడిదై రాలిపోయింది.

కానీ పాప వెంటనే కళ్లు తెరవలేదర్రా. చంచలుడు ఉయ్యాల కడిగాడు, చెక్కకు తేనెటీగల జిగురు పూశాడు. పురుగుతల్లి గుర్తొచ్చింది. పాపను తుడవడం, పక్కకు తిప్పడం, గుడ్డ మార్చడం, మళ్లీ తుడవడం. అందరూ అలిసి కూలబడినా వాడి కాళ్లు మాత్రం ఆగలేదు. మూడోనాటికి మచ్చ మాయమై, పాప ఆకలేసి రాజ్యం దద్దరిల్లేలా ఏడ్చింది. రాజు కూడా దానితో పాటు ఏడ్చాడు.

ముత్యాలితో చంచలుడి పెళ్లి జరిగింది. "కూర్చునే మొగుడైతే నాకక్కర్లేదు" అందట ఆ పిల్ల. తర్వాత పట్టాభిషేకమూ అయింది. ఆ సాయంత్రమే చంచలుడు తన పట్టువస్త్రాన్ని స్వయంగా ఉతికి, ఎండలో ఆరేసి, ముత్యాలికి పుట్టబోయే బిడ్డకోసం పొత్తిగుడ్డలుగా చింపాడు. జుట్టు నెరిసేదాకా ఊరూరూ తిరుగుతూనే రాజ్యం ఏలాడు. కూర్చోమని వాణ్ణి మళ్లీ ఎవరూ అనలేదు.