కనుమ దారిలో జీపు

సోమిదేవమ్మగారిని శిష్యులు ఏదైనా అడిగితే ఆవిడ "విన్నాను" అనేవారు. అంతకుమించి ఒక్క మాట కూడా ఉండేది కాదు. జవాబు ఆ పూటే రావచ్చు, ఏడాది పట్టవచ్చు, అసలు రాకపోనూవచ్చు. కనుమ కింద ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో అందరూ దీనికి అలవాటు పడ్డారు, పద్మనాభం తప్ప. కాలేజీలో తర్కశాస్త్రం చెప్పి, ఆ ఉద్యోగం వదిలేసి వచ్చినవాడతను. ఒక వేసవి ఉదయం తోటకూర బాగుచేస్తూ అడిగాడు.

"అమ్మా, ఒకరి బాధను ఇంకొకరు నిజంగా పంచుకోగలరా? లేక మాటవరసకి అలా అంటామా?"

"విన్నాను" అన్నారావిడ.

ఆ ఆకుకూర ఇంకా పొయ్యి మీదికి ఎక్కకముందే నలుగురు మనుషులు ఒక మంచాన్ని మోసుకుంటూ ఆశ్రమంలోకి వచ్చారు. మంచం మీద పక్క ఊరి బొంజుబాబు. తెల్లవారుజామున నిద్రలో అతన్ని కట్లపాము కరిచింది. అప్పటికే కనురెప్పలు వాలిపోయాయి. మాట ముద్దగా వస్తోంది. పెద్దాసుపత్రి కనుమ పైన ఉన్న పట్నంలో ఉంది. ఆ చుట్టుపక్కల బండి అంటే ఆశ్రమం జీపు ఒక్కటే. డ్రైవరు అప్పలకొండ వెంటనే జీపు తీశాడు. వెనక సీటులో బొంజుబాబు భార్య చిలకమ్మ అతని తలను ఒళ్లో పెట్టుకుంది. ముందు సీటులో సోమిదేవమ్మగారు, పద్మనాభం ఇరుక్కుని కూర్చున్నారు.

కింద చదునుగా ఉన్న దారిలో జీపు బాగానే పోయింది. ఎక్కుడు మొదలై బండి నెమ్మదించాక వేడి చూపించే ముల్లు లేవసాగింది. మూడో మలుపు దాటేసరికి ఎర్రగీతను తాకింది. అప్పలకొండ బండి ఆపి, ఇంజను కట్టేసి, మూత ఎత్తాడు. చేతికి గుడ్డ చుట్టుకుని రేడియేటర్ వెనకున్న ఫ్యాన్‌ను ఒక్క తోపు తోశాడు. అది గాలికి తిరిగే కాగితపు పువ్వులా తేలిగ్గా గిరగిర తిరిగింది.

"ఫ్యాన్ క్లచ్ పోయిందమ్మా" అన్నాడు. "ఇంజను ఏడెక్కితే ఇది బిగుసుకుని ఫ్యాన్‌ని గట్టిగా తిప్పాల. లోపలి నూనె కారిపోయినట్టుంది, జారిపోతంది. కింద గాలి తగిలింది కాబట్టి తెలీలేదు. చల్లారేదాకా ఆగాల."

"ఎంతసేపు?" అని అడిగాడు పద్మనాభం.

అప్పలకొండ మూత దించాడు. వెనక నుంచి చిలకమ్మ మెల్లగా అంది, "ఊపిరి సన్నబడతంది బాబూ."

అప్పలకొండ ఒక్క క్షణం దారి వైపు చూశాడు. తర్వాత వచ్చి సీటులో కూర్చున్నాడు. "ఒక దారి ఉంది. చలికాలానికని పెట్టించిన హీటరు ఉంది కదా, అది పూర్తిగా తిప్పేస్తే ఇంజను ఏడి కొంత మన మీదికి వచ్చేస్తాది. ఇంజను బతుకుతాది. ముందు కూకున్నోళ్లు ఓర్చుకోవాల. అమ్మగారూ, మీరు దిగిపోండి. మద్దేనం వచ్చే బస్సు ఎక్కుదురు."

"తిప్పు" అన్నారు సోమిదేవమ్మగారు.

వైశాఖమాసపు ఎండలో హీటరు తెరుచుకుంది. కాళ్ల దగ్గర నుంచి కొలిమి గాలి కొట్టింది. పద్మనాభం పాదాలు వెనక్కి లాక్కున్నాడు, కానీ లాక్కోవడానికి చోటు లేదు. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. వెనక కూర్చున్నవాళ్లకు కొండగాలి తగులుతోంది. ముందున్న ముగ్గురికీ నిప్పుల మీద నిలబడ్డట్టుంది. చెమట కళ్లలోకి కారి ముల్లు మసకగా కనిపించింది. కళ్లు తుడుచుకుని చూశాడు. ముల్లు ఎర్రగీత నుంచి వెంట్రుకవాసి కిందికి దిగి ఆగింది.

కొంతదూరం పోయాక సోమిదేవమ్మగారి ముఖం చూసి పద్మనాభం భయపడ్డాడు. డెబ్బై దాటిన మనిషి. పెదవులు ఎండిపోయి, కళ్లు మూసుకుని ఉన్నారు. అతను చెయ్యి చాచి హీటరు తగ్గించాడు. అంతలోనే ముల్లు కదిలి ఎర్రగీత వైపు పాకింది. ఆవిడ కళ్లు తెరవకుండానే అతని చేతిని పక్కకు తీసి, మరను మళ్లీ పూర్తిగా తిప్పారు. ముల్లు నెమ్మదిగా కిందికి వచ్చింది.

పద్మనాభానికి ఒళ్లు జలదరించింది. ఇంజనులో పుట్టిన మంట తన ఎముకల్లోంచి పోయి కిటికీలోంచి కొండల మీదికి వెళ్లిపోతోంది. అది వెళ్లిపోతున్నందువల్లే చక్రాలు తిరుగుతున్నాయి. చక్రాలు తిరుగుతున్నందువల్లే వెనక ఒక మనిషి ఇంకా ఊపిరి పీలుస్తున్నాడు. ఇంత పెద్ద పని తన ఒంట్లోంచి జరుగుతుంటే తను చేస్తున్నదల్లా లేచిపోకుండా కూర్చోవడమే. అతను పాదాలను ముందుకు చాపి, వేడిగాలికి ఎదురుగా పెట్టాడు. ఎందుకు పెట్టాడో అతనికి తెలియదు.

ఆసుపత్రిలో బొంజుబాబుకు విషం విరిగే మందు ఎక్కించి, గొంతులో గొట్టం వేసి, యంత్రంతో ఊపిరి పోశారు. అద్దం అవతల అతని ఛాతీ ఒక లయలో లేచి పడుతుంటే చిలకమ్మ రెప్ప వెయ్యకుండా చూస్తూ నిలబడింది. చీకటి పడకముందే డాక్టరు బయటికి వచ్చి, మనిషి దక్కుతాడని చెప్పాడు.

పద్మనాభం వరండాలో బొబ్బలెక్కిన కాళ్లను చల్లటి గచ్చు మీద ఆనించి కూర్చున్నాడు. సోమిదేవమ్మగారు పక్కనే గోడకు ఆనుకుని మజ్జిగ తాగుతున్నారు. ఆశ్రమంలో ఎవరికీ ఎన్నడూ చెప్పని మాట అతని నోటి నుంచి వచ్చింది.

"మా తమ్ముడు జబ్బుతో పోయేటప్పుడు నేను మంచం పక్కనే ఉన్నానమ్మా. వాడు నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. ఏమీ చెయ్యలేకపోయాను. ఊరికే కూర్చున్నానంతే."

ఆవిడ గ్లాసు కింద పెట్టి అతని పాదాల వైపు చూశారు.

"ఊరికే కూర్చున్నావని నువ్వెలా చెప్పగలవు నాయనా? అది మీ తమ్ముడు చెప్పవలసిన మాట."